ఆఖరు పరీక్ష ముందు రాత్రే కాలువ వంతు – పిలగాన్ని కాపలా పంపాల్నా?

చిన్నకోడలు_వర్ధన్నపేట
మా ఇంట్ల పొయ్యి ఒక్కటే, తినేటోళ్లం పదహారుగురం. అండ్ల పిల్లలే తొమ్మిదిమంది. పదకొండెకరాలు యాసంగి వరి వేసినం. నాలుగెకరాలు బోరు కింద, ఏడెకరాలు కాకతీయ కాలువ కింద. కాలువ కిందియి చివరి భూములు. నీళ్లు మా దాక వచ్చినయంటే పండుగే అన్నట్టు.

నాట్లు ఆలస్యమైనయి, సంక్రాంతి దాటినంక వేసినం. ఇప్పుడు గింజ పాలు పోసుకుంటున్నది. ఇంకొక్క తడి దొరికితే గట్టెక్కుతం. ఆ తడికి మా వంతు ఏప్రిల్ 16 రాత్రి పది నుంచి 17 పొద్దుగాల ఆరు దాక పడ్డది. 17నాడు మా పెద్దోనికి తొమ్మిదో తరగతి ఆఖరు పరీక్ష, సాంఘికం.

మా ఆయన హార్వెస్టర్ డ్రైవరు, బోధన్ దిక్కు కోతలకు పోయి నెలాయె. మామకు డెబ్బై దాటినయి. ఇగ ఉన్నది మా బావ ఒక్కడే, ఆయనకు నడుము పట్టేసింది. "పిలగాన్ని తోలుకపోత, వాన్ని తూముకాడ కూసోవెట్టి నేను మడులల్ల తిరుగుత, లేకుంటే పైనోళ్లు మళ్లిచ్చుకుంటరు" అంటడు. నేను వద్దన్న. గప్పటిసంది మా అత్త నాతోని మాట్లాడుతలేదు. "తొమ్మిది దాక ఎవల్ని ఫెయిల్ జేస్తరు, వడ్లు ఎండితే మళ్ల పండుతయా" అని గోడకు చెప్తున్నది, నాకు ఇనవడేటట్టు.

మీ ఇండ్లల్ల ఇట్లాంటప్పుడు ఏం జేస్తరు?

మోట_తోలినోడు
మేం ఆరో తరగతిల నుంచే బాయికాడ పండుకున్నం. ఎడ్లు మోట గుంజుతుంటే లాంతరు పెట్టుకోని ఎక్కాలు చదివినం. ఒక్క రాత్రికి ఏం గాదు. పని నేర్చుకుంటడు, పంపు.

పంతులమ్మ_ములుగు
@మోట_తోలినోడు అట్ల చదివినవాళ్లు మీ ఊళ్లో ఎంతమంది పది పాసయ్యారు?

మోట_తోలినోడు
నేను పాసైన. మూడోసారికి.

దోహా_నుంచి_జగిత్యాలోడు
😂 తాత నిజాయితీకి వందకు వంద

వైండింగ్_దుకాణం
కాలువ వంతు కాబట్టి సరే. బోరు మోటరు కాడికి మాత్రం పిల్లగాండ్లను రాత్రిపూట పంపకుర్రి. ఇరవై ఏండ్లసంది కాలిన మోటర్లు కడుతున్న, స్టార్టర్ డబ్బాల సంగతి నాకు తెలుసు. సగం డబ్బాలకు మూత ఉండదు. ఉన్నదానికి తాడు కట్టి ఉంటది. ఎర్తింగ్ గుంతల ఉప్పు, బొగ్గు పోసి నీళ్లు పోసుడు ఎవరూ చెయ్యరు. తడి కాళ్లతోని వచ్చి గ్రీన్ బటన్ ఒత్తుతరు. ఫ్యూజ్ పోతే అండ్లనే కట్టె పెట్టి లేపుతరు. పెద్దోళ్లకే ఎటుబోయి ఎటొస్తదో తెల్వది.

దోహా_నుంచి_జగిత్యాలోడు
@వైండింగ్_దుకాణం అన్న చెప్పింది రాసి పెట్టుకోండ్రి. ఇంతకుముందు నవ్విన గని, మా చిన్నబాపు కొడుకు గట్లనే పోయిండు. పదో తరగతి. అప్పట్ల కరెంటు రెండు విడతలు ఇచ్చేది, ఒక విడత అర్ధరాత్రి. చిన్నబాపు పొద్దంత నాట్లేసి అలిసి పండుకున్నడు, నేను పోయొస్త బాపు అని పోయిండు. వానకు తడిసిన డబ్బా. పొద్దుగాల చూసినం.

2018 జనవరి ఒకటి నుంచి 24 గంటల కరెంటు వచ్చినంక మా ఊర్ల రాత్రి మోటర్లకు పోవుడు తగ్గింది. నాకు ఆ ఒక్కటి చాలు.

బాయికాడి_బతుకు
24 గంటల కరెంటు వచ్చినంక, కరెంటు రాంగనే మోటరును దానంతటదే నడిపిచ్చే ఆటో స్టార్టర్లు పెట్టి నీళ్లన్ని తోడిండ్రు గద. తీసెయ్యండ్రని కరెంటోళ్లు మొత్తుకున్నా తియ్యలే. మా బోరు మూడించులు పోసేది, ఇప్పుడు ఇంచున్నర. అది సుత చెప్పాలె.

వైండింగ్_దుకాణం
నిజమే. గని నా దుకాణం నడిచింది గూడ ఆటో స్టార్టర్ల మీదనే, ఏం చెప్పను 🙏 నీళ్లు లేక ఉత్త తిరుగుడు తిరిగి కాలుతయి.

లస్కర్_పనిజేసిన
కాలువ మీద ఇరవై ఎనిమిదేండ్లు నడిచిన. కాలువ ముచ్చట గనుక చెప్త.

పోచంపాడు (శ్రీరాంసాగర్) ప్రాజెక్టుకు 1963ల నెహ్రూ శంకుస్థాపన చేసిండు. అక్కడినుంచి కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు. మొదట్ల 9,700 క్యూసెక్కులు పట్టేటట్టు తవ్విండ్రు. అది లోయర్ మానేరు దాటి, వరంగల్ దాటి, డిస్ట్రిబ్యూటరీలల్ల పడి, పిల్ల కాలువల పడి, ఆఖరికి అమ్మా మీ మడుల పడాలె. నడుమ ఎన్ని తూములు, ఎన్ని పైపులు, ఎంతమంది బామ్మర్దులు! అందుకే వారబందీ పెట్టిండ్రు, వారం ఇడుసుడు వారం బందు. పిల్ల కాలువల మీద గంటల లెక్కన వంతులు.

వంతు నాడు నీళ్లు తక్కువొచ్చుడు నూటికి తొంభై పాళ్లు దొంగతనం గాదు. కాలువల గడ్డి, తుంగ, ప్లాస్టిక్ కవర్లు, కొట్టుకొచ్చిన బతుకమ్మ పూలు సుత అడ్డం పడ్డయి చూసిన. అందుకని:

వంతు రాత్రైతే పొద్దుండగనే మీ తూము నుంచి పైకి అర కిలోమీటరు నడువుండ్రి. చేతిల పార ఉండాలె. అడ్డం ఏమున్నా తీసెయ్యండ్రి. మీ పైన ఎవల వంతు ఉన్నదో ఆయనింటికి పోయి చాయ్ తాగి, "పదింటికి నేను తిప్పుకుంట బావా" అని చెప్పుండ్రి. నీళ్లు మళ్లిచ్చుకుంటడన్న అనుమానం ఉన్న మనిషికాడనే చాయ్ తాగాలె. ముఖం చూసినోనికి బస్త అడ్డం పెట్ట బుద్ధి కాదు.

ఇవన్ని చేసుకుంటే రాత్రి తూముకాడ మనిషి కావాలె గని, పద్నాలుగేండ్ల పిలగాడే కావాలని లేదు.

ఇంటర్_అయిపోయింది
అందరూ పిలగాడు పిలగాడు అంటున్నరు. తొమ్మిదిమంది పిల్లల్ల ఆడపిల్లలు లేరా?

మాది పాకాల కింద. పోయినేడు ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోంగనే మా తాతతోని నేనే పోయిన. మార్చిలనే అయిపోతయి కదా మావి. మా తమ్మునికి ఏప్రిల్ పరీక్షలు. వాడు ఇంట్ల చదువుకున్నడు, నేను నీళ్లు పారిచ్చిన. ఎవరూ సచ్చిపోలేదు. ఊరోళ్లు రెండు రోజులు మాట్లాడుకున్నరు, మూడోనాడు వాళ్ల నీళ్లల్ల వాళ్లు పడ్డరు.

చిన్నకోడలు_వర్ధన్నపేట
@ఇంటర్_అయిపోయింది మా బావ పెద్దబిడ్డ సుత ఇంటర్ రెండో సంవత్సరం రాసి కాళీగ ఉన్నది పిల్లా. ఆమె అడిగింది "నేను పోత" అని. మా అక్క (తోటికోడలు) ఊకోలే. రాత్రి ఆడపిల్ల ఎట్ల పోతదని. నేను ఏమనలే, మొగపిల్లగాడు పోతెనే లొల్లి చేసిన కదా, ఏ ముఖం పెట్టుకోని అనాలె.

పంతులమ్మ_ములుగు
సర్కారు బడిలో పంతొమ్మిదేళ్లుగా చెప్తున్నాను. పిల్లలు పొలం పని చేయొద్దని నేను అనను. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం కూడా సొంత ఇంటి పనికి బడి అయ్యాకా, సెలవుల్లోనూ సాయం చేయొచ్చనే చెప్తుంది. ప్రమాదం ఉన్న పని కాకూడదు, చదువు పాడు కాకూడదు, అంతే. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. మధ్యాహ్నం పన్నెండున్నరకు వదిలేస్తాం, పిల్లలు అన్నం తిని నేరుగా బాయికాడికే పోతారు. నాకు తెలుసు. పొద్దున హాజరు పిలిచేటప్పుడు ఎవరి గోళ్లలో మట్టి ఉందో చూస్తే ఎవరి పొలం ఏ దశలో ఉందో చెప్పగలను.

ఏప్రిల్ 23తో బడి అయిపోతుంది, మళ్లీ జూన్ 12కే. యాభై రోజులున్నాయి పని నేర్చుకోవడానికి. సరిగ్గా 16 రాత్రే నేర్చుకోవాలా?

అసలు మీ బోరుతో ఆ ఏడెకరాలకు ఒక తడి పెట్టలేరా? గట్టి పైపు వేసి?

బాయికాడి_బతుకు
మేడం మీరు లెక్కల టీచరు కాదు కదా 🙂

పంతులమ్మ_ములుగు
లెక్కలే చెప్తాను 🙂 సరే, చేద్దాం. చిన్నకోడలు గారూ, ఇరవై లీటర్ల బకెట్టు మీ బోరు పైపు కింద పెడితే ఎన్ని సెకన్లలో నిండుతుంది?

చిన్నకోడలు_వర్ధన్నపేట
మా ఎనిమిదో తరగతి పిల్ల ఫోను పట్టుకోని పోయి చూసొచ్చింది. మూడుసార్లు పెట్టిందట. నాలుగు సెకన్లు.

పంతులమ్మ_ములుగు
సెకనుకు 5 లీటర్లు. గంటకు 18,000. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అయిదు సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు కావాలంటే రెండు లక్షల లీటర్ల పైచిలుకు. అంటే ఎకరానికి పదకొండు గంటలు. మీ నాలుగెకరాలకే దాదాపు రెండు రోజులు పగలూ రాత్రీ. ఏడెకరాలకు ఇంకో మూడు రోజులు. సరే, నేను తప్పు. బోరుతో కాదు.

వరి_చదువుతున్న_పొలాస
వ్యవసాయం చదువుతున్న. అయిదు సెంటీమీటర్లు అవసరం లేదు మేడం. పూత అప్పుడు నీళ్లు తక్కువ కావద్దు, అది నిజం. పూత అయిపోయి పాలు పోసుకుంటున్నదంటే నేల పగుళ్లు పడకుండ తడిగ ఉంటే చాలు, రెండు మూడు సెంటీమీటర్లు బాగనే. కోతకు పది రోజుల ముందు ఎట్లాగూ ఆపెయ్యాలె. లేకుంటే హార్వెస్టర్ దిగవడుతది.

మా దగ్గర ఒక పైపు ముక్కకు చిల్లులు పెట్టి మడిల పాతి చూపిస్తరు. నీళ్లు నేల కిందికి 15 సెంటీమీటర్లు దిగేదాక మళ్ల తడి పెట్టాల్సిన పని లేదు. మా బాపుకు చెప్తే ఆ పైపుల పొగాకు కట్ట దాచుకున్నడు.

ఏ రకం వేసిండ్రు అక్కా?

చిన్నకోడలు_వర్ధన్నపేట
వెయ్యిన్ని పది, రెండెకరాలు సన్నాలు. సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ అంటరు కదా, అందుకని.

లస్కర్_పనిజేసిన
పంతులమ్మకు నేనిచ్చే లెక్క గూడ చెయ్యమను. మామూలుగ పిల్ల కాలువ తూముల ఒక క్యూసెక్కు అనుకో. సెకనుకు 28 లీటర్ల చిల్లర. ఎనిమిది గంటలు.

పంతులమ్మ_ములుగు
ఎనిమిది లక్షల పదిహేను వేల లీటర్లు. ఏడెకరాల మీద పరిస్తే దాదాపు 2.9 సెంటీమీటర్లు!! పొలాస తమ్ముడు చెప్పినదానికి సరిగ్గా సరిపోతుంది. మధ్యలో ఇంకిపోయేది వదిలేస్తే. రెండు గంటలు పోతే 2.2కు పడిపోతుంది.

మోట_తోలినోడు
గదే నేను జెప్పేది. రెండు గంటలు పోవద్దంటే మనిషి ఉండాలె.

ఇంటర్_అయిపోయింది
మనిషి ఉండాలె, మనిషి చేతిల నోట్ బుక్ ఉండాలె. నేను పోయినేడు రాసిన. తూము గోడకు సున్నంతోని గీతలు పెట్టిన, ఎన్ని గంటలకు నీళ్లు ఏ గీత కాడున్నయో రాసిన. మా పైమడి ఆయన "నేను ముట్టలే" అన్నడు. రెండు నలభైకి నాలుగు వేళ్లు దిగింది, మూడింటికి మళ్ల ఎక్కింది అని చూపెట్టిన. మాట్లాడలే.

చిన్నకోడలు_వర్ధన్నపేట
ఇది మా బావకు చదివి ఇనిపిచ్చిన. నవ్విండు. ఏమనలే గని పొద్దుమీకి పార పట్టుకోని కాలువ పొంటి పైకి నడిచిండు, నడుము పట్టుకోని. మా మామ వెంబడి. అర బస్త చెత్త తీసిండ్రట. రెండు కల్లు సీసాలు, ఒక చెప్పు.

దోహా_నుంచి_జగిత్యాలోడు
చెప్పు ఎవలదో గుర్తుపట్టిండ్రా 😂

లస్కర్_పనిజేసిన
ఒక్క చెప్పే దొరుకుతది ఎప్పుడు. ఇరవై ఎనిమిదేండ్లల్ల జత దొరకలే.

చిన్నకోడలు_వర్ధన్నపేట
17 మాపటికి రాస్తున్న. ఇయ్యాల్టి దాక కండ్లు మూయలే, తప్పులుంటే సదురుకోండ్రి.

పోయినోళ్లు ముగ్గురు. మా బావ, మా మామ, మా బావ పెద్దబిడ్డ. మా అక్క ఆఖరుకు "మీ తాత ఉంటే పో" అన్నది. మామకు నులకమంచం తూము ఒడ్డు మీద వేసిచ్చిన, దుప్పటి, ఫ్లాస్కుల చాయ్ పంపిన. మామ పండుకున్న పది నిమిషాలకే గుర్రు. కాపలా అన్నది పేరుకే, మంచం మీద పెద్దమనిషి పండుకోని ఉన్నడంటే ఆ దారి ఎవరూ రారు.

పిల్ల సున్నం గీతలు పెట్టింది. పదింటికి మూడో గీత. ఒకటి ఇరవైకి మొదటి గీతకు దిగింది. బావను లేపుకోని టార్చి పెట్టుకోని పైకి పోయిండ్రు. గోనె బస్తల మన్ను నింపి అడ్డం తోసి ఉన్నది, తాడు సుత కొత్తది. ఆ బస్త ఎవలదో మేం పేరు పెట్టం. బావ ఒర్రిండు. పైమడి ఆయన "నేను పదింటికే బందు చేసుకున్న" అంటడు. పిల్ల ఏమనకుండ నోట్ బుక్ ముందట పెట్టింది, ఫోన్ల ఫోటో సుత. ఆయన జర సేపు చూసి, "పొద్దుగాల ఆరింటికి నా వంతు గద, ఏడు దాక మీరే పారిచ్చుకోండ్రి" అన్నడు. కొట్టుకుంటరని బుగులు వడ్డ నేను.

ఇగ మా పిలగాడు. వాన్ని తొమ్మిదింటికే పండవెట్టిన, ఫోను గుంజుకున్న. పొద్దుగాల అయిదున్నరకు పోయి చూస్తే మంచం మీద లేడు. సైకిలేసుకోని పొలంకాడికి పోయిండు! మూడో మడి ఒడ్డుకు ఎండ్రికాయ బొక్క పడి నీళ్లు పక్క మడిలకు, ఆడినుంచి వాగుల పోతున్నయి. బావ చీకట్ల చూసుకోలే. వీడు చూసిండు. గుప్పెడు గడ్డి మెలిపెట్టి బొక్కల కుక్కి, పైన మన్నేసి మడిమెతోని తొక్కి, అయినా కారుతుంటే చొక్క ఇప్పి మన్ను మూటగట్టి పెట్టిండట. ఆ చొక్క బడి చొక్క. తొమ్మిదింటికి పరీక్ష, ఎనిమిదింటికి ఇంటికొచ్చిండు ఒంటి మీద బనీనుతోని.

కొట్టాల్నో నవ్వాల్నో తెల్వలే. చిన్నోని చొక్క తొడిగి పంపిన, బొత్తాలు పడలే.

మోట_తోలినోడు
చూసిండ్రా. నేను చెప్పలే? ఎవలు పంపకున్నా పోయిండు.

పంతులమ్మ_ములుగు
నిద్రపోయాక పోయాడు తాతగారూ. అదే తేడా.

మోట_తోలినోడు
ఆ ముక్క ఒప్పుకుంటున్న.

బాయికాడి_బతుకు
ఎండ్రికాయను పట్టిండా లేదా. పులుసుకు బాగుంటది.

ఇంటర్_అయిపోయింది
ఆ అక్కకు నా తరఫున చెప్పుండ్రి. ఫోటో తీయాలని నాకు పోయినేడు తట్టలే.

పంతులమ్మ_ములుగు
పరీక్ష ఎలా రాశాడు?

చిన్నకోడలు_వర్ధన్నపేట
బాగనే రాసిన అంటడు. పటం గుర్తించుట దాంట్ల గోదావరి సరిగ్గ గీసిండట, మంజీర మరిచిపోయిండట.

లస్కర్_పనిజేసిన
మంజీర మరిస్తే ఎట్లరా పిలగా! కందకుర్తి కాడ మంజీర కలిసినంకనే గద గోదారి పోచంపాడుకు వచ్చేది. మీ మడిల పారిన నీళ్లల్ల అది సుత ఉండె.

చిన్నకోడలు_వర్ధన్నపేట
మీ పోస్టు వానికి చూపెట్టిన. "ముందే చెప్పద్దా తాతా" అంటున్నడు.

వరి_చదువుతున్న_పొలాస
ఇగ నీళ్లు పెట్టకుర్రి అక్కా. గొలుసు కింది గింజలు గట్టిపడ్డంక కోత. వడ్లు ఆరబెట్టేటప్పుడు తేమ 17 శాతం దాటితే కొనుగోలు సెంటర్ల కాంట వెయ్యరు, తొందరపడి ఎత్తకుర్రి.

చిన్నకోడలు_వర్ధన్నపేట
తొమ్మిదిమంది 23 నుంచి ఇంట్లనే కదా, వడ్లు తిరగేసుడు వాళ్లకే. ఇప్పటినుంచే వంతుల కోసం కొట్టుకుంటున్నరు. గొడుగు కింద కూసోని పక్షులను కొట్టే వంతు అందరికి కావాలట, కాళ్లతోని సాళ్లు దున్నే వంతు ఎవరికొద్దు. టార్పాలిన్లు మాకు రెండే ఉన్నయి, మొగులు చూస్తే బుగులైతున్నది. మా దిక్కు కిరాయికి ఎవలన్న ఇస్తే చెప్పుండ్రి.

బాయికాడి_బతుకు
నా దగ్గర నాలుగున్నయి, పర్వతగిరి కాడ. ఒకదానికి ఎలుక కొరికింది, దానికి పైసలొద్దు. మెసేజ్ పెట్టు చెల్లె.

ఇంటర్_అయిపోయింది
ఆ నోట్ బుక్ ఎక్కడున్నది ఇప్పుడు? పారెయ్యకుండ్రి, వానాకాలంల మళ్ల పనికొస్తది.

చిన్నకోడలు_వర్ధన్నపేట
మా అత్త తీసుకపోయి బీరువల పెట్టింది. పట్టాదారు పాసుబుక్కుల కింద. నాతోని మాట్లాడుతున్నది ఇయ్యాల్టిసంది. "పొయ్యి మీద పప్పు మాడుతున్నది, ఫోను పక్కన పెట్టు" అన్నది.